నిదానం లేని మరమ్మతు

"బండి పాతబడిపోయింది మాస్టారూ, ఇంక ఇంతే!"

మా పశ్చిమ ప్రకాశంలో ఏ మెకానిక్ షెడ్డుకు వెళ్ళినా వినిపించే తీర్పు ఇది. దర్శిలో విన్నాను, పొదిలిలో విన్నాను, మార్కాపురంలో కూడా విన్నాను. ముందు చక్రాల దగ్గర ఏదో కొట్టుకుంటున్నదని కారు తీసుకువెళ్ళిన మనిషికి పది నిమిషాలలో ఈ మాట చెప్పి పంపిస్తారు. కారు క్రిందికి ఎవరూ తొంగి చూడరు. చక్రం ఎవరూ పైకెత్తరు. తీర్పు విన్నవాడు కూడా మారుమాట లేకుండా తల ఊపి, అమ్మితే ఎంత వస్తుందో లెక్కలు వేసుకుంటూ ఇంటికి పోతాడు.

తెలుగు పండితుడికి కార్ల సంగతి ఎందుకని కొందరు మిత్రులు నవ్వవచ్చు. ఇరవయ్యేళ్ళు దాటిన మారుతి 800ను ఈనాటికీ నేనే నడుపుకుంటున్నాను, అది ఒక అర్హత. రెండవది, పై వాక్యంలో ఉన్నది ముందుగా వ్యాకరణ దోషం. "పాత" అన్నది విశేషణం. "ఎందుకు మ్రోగుతున్నది?" అని అడిగినవాడికి కావలసినది హేతువు. హేతువు అడిగినచోట విశేషణం ఇస్తే ఎలా? "రాముడు అడవికి ఎందుకు వెళ్ళెను?" అన్న ప్రశ్నకు "రాముడు ఆజానుబాహువు" అని జవాబు వ్రాసిన పిల్లవాడికి నేను ఏనాడూ మార్కులు వేయలేదు. రాముడు ఆజానుబాహువు కాడని కాదు, అడిగింది అది కాదని.

"నిదానం" అన్న మాట చూడండి. మన వాడుకలో దానికి తొందరపడకపోవడమని అర్థం. సంస్కృతంలో మూలకారణమని అర్థం. వైద్యశాస్త్రంలో రోగం గుర్తుపట్టే విద్యకు అదే పేరు. మాధవకరుని గ్రంథాన్ని మాధవనిదానమని పిలిచేది అందుకే. ఆ గ్రంథం మందులు చెప్పదు, ఏ లక్షణాన్ని బట్టి ఏ రోగమని తేల్చుకోవాలో చెబుతుంది. మందులన్నీ కంఠతా వచ్చినా రోగం పోల్చుకోవడం రానివాడు వైద్యుడు కాడని పూర్వులకు తెలుసు. మన షెడ్లలో ఈ రెండు నిదానాలకూ కరువొచ్చింది.

నేను అనేది ఇంతే. ఏ కీలు అరిగిందో చేతితో కదిపి చూడకుండా సస్పెన్షన్‌లో ఒక్క భాగం మార్చినా అది మరమ్మతు కాదు, జూదం. ఆ జూదంలో ప్రతిసారీ ఓడేది కారు యజమానే. అతని డబ్బు మాత్రమే పణంగా ఉంటే నేను ఇంత పెద్ద టపా వ్రాయనక్కరలేదు.

నాతోపాటు పనిచేసి పదవీవిరమణ చేసిన ఒక ప్రధానోపాధ్యాయుని సంగతి చెబుతాను. ఊరూ పేరూ వద్దు, షెడ్డు పేరూ వద్దు. ఆయన చిన్న కారుకు అప్పటికి పదిహేడేళ్ళు. నెమ్మదిగా వెళ్తూ చిన్న గతుకు దాటితే ఎడమవైపు ముందు చక్రం దగ్గర "టక్" మనేది. వేగంగా వెళ్తే వినబడేది కాదు. షెడ్డులో చెప్పగానే "షాకులు పోయాయి" అన్నారు. రెండు షాకులూ మార్చారు. విప్పి బిగించడంలో ఏది సర్దుకున్నదో ఏమో, నాలుగు రోజులు చప్పుడు తగ్గి మళ్ళీ మొదలైంది. అలైన్‌మెంటు చేయించమన్నారు, చేయించారు. స్టీరింగ్ ర్యాకు కావచ్చునన్నారు. చివరకు పైన చెప్పిన తీర్పు ఇచ్చారు. ఆయన విసిగిపోయి వచ్చిన ధరకు అమ్మేశారు. కొన్న కుర్రవాడు చక్రం ఎత్తించి, ఎడమ లోయర్ ఆర్మును గడ్డపలుగుతో కదిపించాడు. బాల్ జాయింటు మీది రబ్బరు టోపీ చిరిగి, లోపల గ్రీజు ఎండి, గుండు తన గిన్నెలో వదులై ఆడుతున్నది. అది మార్చారు, దాని ప్రక్క బుష్షు మార్చారు, చప్పుడు పోయింది.

చప్పుడు పోవడం ఇక్కడ చిన్న విషయం. ఆ గుండు గిన్నెలో నుండి ఊడి బయటకు వస్తే ముందు చక్రం బయటికి వాలిపోతుంది, స్టీరింగ్ చేతిలో ఉండదు. అటువంటి కీలుతో ఆ పెద్దమనిషి మాసానికి రెండుసార్లు భార్యను ఒంగోలు ఆసుపత్రికి తీసుకువెళ్ళి తీసుకువచ్చారు, గ్రానైటు లారీలు ఎదురయ్యే దారిలో. క్రొత్త షాకులు వేయించాను గదా అన్న ధీమాతో! తప్పుడు మరమ్మతు వల్ల జరిగే అసలు నష్టం ఈ ధీమాయే. చెడిపోయిన బండిని మనిషి జాగ్రత్తగా నడుపుతాడు, బాగైందనుకున్నదాన్ని నడపవలసినట్టే నడుపుతాడు.

అయితే ప్రతి కుదుపుకూ "షాకులు పోయాయి" అనే అలవాటు ఎక్కడి నుండి వచ్చిందంటారు? నా అనుమానం, ఆ పేరులోనే ఉంది. "షాక్ అబ్జార్బర్" అంటే దెబ్బను మ్రింగేది అని గదా అర్థం! పేరు ఆ మాట చెబుతుంటే, దెబ్బ తగులుతున్నదంటే మ్రింగేది చచ్చిందనుకోవడం సహజమే. కాని అది దెబ్బను మ్రింగదు. దెబ్బను తీసుకునేది స్ప్రింగు. గతుకులో పడ్డ చక్రం పైకి లేస్తే స్ప్రింగు నలిగి ఆ దెబ్బను తనలో దాచుకుంటుంది. దాచుకున్నదాన్ని వెంటనే తిరిగి ఇచ్చేస్తుంది, మళ్ళీ నలుగుతుంది, మళ్ళీ ఇస్తుంది. ఉయ్యాలను ఒక్కసారి తోసి వదిలితే ఎంతసేపు ఊగుతుందో అంతసేపు బండి ఊగవలసిందే. ఆ ఊపును ఆపడానికి పెట్టినదే ఈ గొట్టం. దాని లోపల నూనె ఉంటుంది, సన్నని రంధ్రాలున్న బిళ్ళ ఉంటుంది. బిళ్ళ క్రిందికీ పైకీ కదిలినప్పుడు నూనె ఆ రంధ్రాలలో నుండి దూరవలసివచ్చి, ఊపులోని శక్తి వేడిగా మారిపోతుంది. గతుకుల దారిలో చాలాదూరం వెళ్ళి ఆగాక ఆ గొట్టాన్ని తాకి చూడండి, వెచ్చగా ఉంటుంది. ఇంగ్లండువారు దానిని "డ్యాంపర్" అంటారు. అదే సరైన పేరు. మనకు చేరినది మాత్రం తప్పుడు పేరు. ఒక తప్పుడు మాట ఎన్ని ఇళ్ళలో ఎన్ని వేల రూపాయలు తీసిందో!

తెలుగులో దీనికి "నిలువరి" అని పేరు పెట్టుకోవచ్చు (ఊపును నిలువరించేది గనుక). షెడ్డులో ఎవరూ ఆ మాట వాడరని నాకూ తెలుసు, వాడమని నిర్బంధించను. వాళ్ళకు వాళ్ళ పదసంపద ఉంది, బాగానే ఉంది. లారీ క్రింద ఉండే ఉక్కు పట్టీల కట్టను "కమాను" అంటారు. ఫారసీలో కమాన్ అంటే విల్లు. ఆ కట్ట విల్లులాగే వంగి ఉంటుంది, విల్లులాగే పనిచేస్తుంది. చదువురాని కమ్మరి వాడిన మాట యంత్రం పనితీరుకు ఇంత దగ్గరగా ఉంటే, ఇంజనీర్లు వాడే మాట దానికి అడ్డంగా ఉంది.

ఇంకొక చిక్కు కూడా ఉంది. మారుతి 800 వంటి బండ్లలో ముందు చక్రాలకు స్ప్రింగు, నిలువరి, చక్రాన్ని నిలబెట్టే స్తంభం మూడూ ఒకటే. దానిని స్ట్రట్టు అంటారు. ఎర్ల్ మెక్‌ఫర్సన్ అనే అమెరికా ఇంజనీరు రూపొందించగా 1950-51 ప్రాంతంలో ఇంగ్లండు ఫోర్డు కంపెనీ కార్లలో ప్రచారానికి వచ్చిన పద్ధతి అది. స్టీరింగ్ త్రిప్పితే ఆ స్తంభమంతా తిరుగుతుంది. పైన బోనెట్ క్రింద ఒక రబ్బరు మౌంటింగు, బేరింగు, క్రింద లోయర్ ఆర్ము చివర బాల్ జాయింటు దానికి రెండు కీళ్ళు. కనుక అక్కడ పుట్టే చప్పుడు స్తంభానిది కావచ్చు, పై కీలుది కావచ్చు, క్రింది కీలుది కావచ్చు, ఆర్ము వెనుక ఉన్న బుష్షుది కావచ్చు. అన్నీ ఒకే చోట నుండి వచ్చినట్టే వినిపిస్తాయి. అంత మాత్రాన పరీక్ష మానేయవచ్చా? ఇక్కడే కదా పరీక్ష మరీ అవసరం!

"మన రోడ్లు అలా ఉంటే ఏ బండి ఆగుతుంది మాస్టారూ" అన్నది రెండవ సమాధానం. రోడ్ల మాట నేను కాదనను. నల్లరేగడి మీద వేసిన తారు వానకు ఉబ్బి ఎండకు క్రుంగి అలలు దేరుతుంది. కాలువ కట్టల మీది దారుల సంగతి చెప్పనే అక్కరలేదు. స్పీడుబ్రేకర్ల విషయానికి వస్తే, గంటకు 25 కిలోమీటర్ల వేగంతో దాటే గుబ్బ ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు ఉండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లోనే ప్రమాణం వ్రాసింది. మా వైపు పల్లెల్లో వేసేవి చూడండి! వెడల్పు మూరెడు, ఎత్తు జానెడు. వేసినవాడికి బండ్ల మీద పగ ఉన్నట్టుంటుంది. 12 అంగుళాల చక్రమున్న 800 వంటి కారు వాటిని ఎక్కి దిగిన ప్రతిసారీ కీళ్ళు అరుగుతాయి, నిజమే. అయినా రోడ్డు అరగదీస్తుందని చెప్పడం వేరు, ఏది అరిగిందో చెప్పడం వేరు. దోమలున్న ఊరు గనుక జ్వరం వచ్చిందని చెప్పి, రక్తం చూడకుండానే సూది వేసే వైద్యుణ్ణి ఏమంటాం?

పరీక్ష ఎలా చేయాలో చెప్పకుండా తిట్టడం న్యాయం కాదు గనుక చెబుతాను. ఇందులో చాలాభాగం ఎవరికివారు ఇంటి ముందు చేసుకోగలిగినదే.

మొట్టమొదట డిక్కీ ఖాళీ చేయండి. జాకీ, పానాలు, స్టెప్నీ బిగింపు వదులై మ్రోగితే సస్పెన్షన్ మ్రోగినట్టే ఉంటుంది. నవ్వకండి, షాకులు మార్చించాక ఇది తెలుసుకున్నవారు ఉన్నారు. తరువాత టైర్ల గాలి. తలుపు దగ్గర అంటించిన చీటీలోనో, బండితో వచ్చిన పుస్తకంలోనో ఎంత పట్టాలో ఉంటుంది. చల్లగా ఉన్నప్పుడు కొలిపించండి. గాలి ఎక్కువైన టైరు రాయిలా గట్టిపడి ప్రతి గులకరాయినీ లోపలికి చేరవేస్తుంది, సస్పెన్షన్ బిగుసుకుపోయిందన్న భ్రమ కలిగిస్తుంది.

అప్పుడు వినండి. ఎప్పుడు మ్రోగుతున్నదన్నది ఏది మ్రోగుతున్నదో సగం చెబుతుంది. నిలిచిన బండిలో స్టీరింగ్ త్రిప్పితే "కిర్రు" మని, స్ప్రింగు ఒక్కసారి తుళ్ళినట్టయితే స్ట్రట్టు పై మౌంటింగు బేరింగు మీద అనుమానం. బ్రేకు నొక్కగానే ఒక్క "టక్", వదలగానే ఇంకొక "టక్" అయితే ఆర్ము ముందుకూ వెనక్కూ జరుగుతున్నదన్నమాట. 800లో ఆ జరుగుడును ఆపే పని స్టెబిలైజర్ రాడ్డు చేస్తుంది. వంపుల్లో బండి ఒరగకుండా చూసే రాడ్డుకే కంపెనీవారు ఈ రెండవ ఉద్యోగం కూడా ఇచ్చారు. దాని చివర బుష్షులు అరిగితే రెండు పనులూ చెడతాయి. గతుకుల్లో లొడలొడలాడుతున్నప్పుడు బ్రేకు పెడల్ మీద కాలు తేలికగా ఆనించి చూడండి. చప్పుడు మాయమైతే అది బ్రేకు ప్యాడ్లది, సస్పెన్షన్‌కు సంబంధం లేదు. ఇలా ఒకటి చేసి ఉపశమిస్తున్నదా లేదా అని చూసి రోగం తేల్చడాన్ని ఆయుర్వేదంలో ఉపశయమంటారు. డబ్బు ఖర్చు లేని పరీక్ష.

నిలువరి పరీక్ష అందరికీ తెలిసినదే. బంపరు మూల మీద బరువంతా వేసి నొక్కి వదలండి. ఒకసారి పైకి లేచి స్థిమితపడాలి. రెండు మూడు సార్లు ఊగితే అది పోయినట్టే. ఊగనంత మాత్రాన బాగున్నట్టు కాదు, ఇది మాత్రం చాలామంది చెప్పరు. కీళ్ళు తుప్పుపట్టి బిగుసుకున్న పాత బండి, నిలువరి చచ్చినా ఊగదు. అందుకని గొట్టం మీద నూనె కారుతున్నదా చూడాలి. సన్నని చెమ్మ, దానికి పట్టిన దుమ్ము ఫరవాలేదు, తడిసి కారుతుంటే మార్చవలసిందే. టైరు మీద అరచేయి పెట్టి చుట్టూ నిమరండి. గిన్నెలు గిన్నెలుగా, ఎత్తుపల్లాలుగా అరిగి ఉంటే చక్రం రోడ్డు మీద గంతులు వేస్తున్నదన్నమాట, అది నిలువరి లోపానికి గుర్తు. లోపలి అంచు ఒక్కటే నున్నగా అరిగితే చక్రం వాలు తప్పింది. బుష్షులో, వంగిన ఆర్ములో, కూలబడిన స్ప్రింగులో వెదకాలి. స్ప్రింగు సంగతి తేల్చడానికి టేపు చాలు. చదునైన నేల మీద బండి నిలిపి, చక్రం నడిబొడ్డు నుండి పైనున్న మడ్‌గార్డు అంచు దాకా కుడి ఎడమలు కొలవండి. బాగా తేడా ఉంటే తక్కువ వచ్చిన వైపు స్ప్రింగు కూలబడిందో, చివరి చుట్టు విరిగిందో చూడాలి.

ఆ తరువాత చక్రం పైకెత్తడం. జాకీ బండి అడుగున గట్టిచోట పెట్టి, ప్రక్కనే ఆధారం నిలిపి (ఒక్క జాకీని నమ్మి క్రిందికి దూరకండి) చక్రాన్ని వ్రేలాడనివ్వండి. పైన ఒక చేయి, క్రింద ఒక చేయి వేసి ఊపండి. కదిలితే రెండవ మనిషిని బ్రేకు నొక్కి పట్టుకోమని మళ్ళీ ఊపండి. కదలిక పోతే చక్రం బేరింగు, పోకపోతే బాల్ జాయింటు. కుడి ఎడమలు పట్టుకొని ఊపితే కదులుతున్నదా? టై రాడ్ ఎండు గానీ ర్యాకు గానీ. చివరకు గడ్డపలుగు మొనను ఆర్ముకూ దాని ఆధారానికీ మధ్య దూర్చి నెమ్మదిగా ఎత్తి చూస్తే బుష్షు రబ్బరు చీలిందో లేదో కళ్ళకు కనిపిస్తుంది. మొత్తం అరగంట పని. ఈ అరగంట ఖర్చుపెట్టకుండానే వేలకు వేల బిల్లులు వేస్తున్నారని నా ఫిర్యాదు.

మీలో చాలామంది సాఫ్ట్‌వేర్ రంగంలో ఉన్నవారు. ప్రోగ్రాములో దోషం వస్తే, అది ఏ వరుసలో ఉందో చూడకుండా నచ్చిన పేజీ చించి క్రొత్తగా వ్రాసేవాణ్ణి మీ కార్యాలయంలో ఎన్నాళ్ళు ఉంచుకుంటారు?

నిదానం సరిగా చేసినచోట కూడా చికిత్స చెడగొట్టే అలవాటు ఒకటుంది. దాన్ని గురించి కొంచెం ఎక్కువగానే వ్రాయాలి. రబ్బరు బుష్షు అంటే రెండు ఇనుప గొట్టాల మధ్య అంటించిన రబ్బరు. బయటి గొట్టం ఆర్ముకు, లోపలి గొట్టం బోల్టుతో బండికి బిగుస్తాయి. చక్రం లేచి దిగుతుంటే ఈ గొట్టాలు రబ్బరు మీద జారవు, మధ్యనున్న రబ్బరు మెలితిరిగి మళ్ళీ విప్పుకుంటుంది. అదే దాని పని. కనుక బండి తన బరువుతో నేల మీద నిలిచినప్పుడు రబ్బరుకు మెలి ఉండకూడదు. మన షెడ్లలో ఏం చేస్తారు? బండిని జాకీ మీద ఎత్తి, చక్రం క్రిందికి వ్రేలాడుతుండగా క్రొత్త బుష్షు వేసి, అక్కడే బోల్టును బలమంతా పెట్టి బిగిస్తారు. బండి దించగానే ఆర్ము పైకి లేస్తుంది, రబ్బరు మెలిపడిపోతుంది. నిలిచి ఉన్నా మెలి, నడుస్తున్నా మెలి, గతుకు వస్తే ఇంకా మెలి. మెడ ప్రక్కకు త్రిప్పి పట్టీ వేసి, ఇంక నీ పని చేసుకో అన్నట్టు! కొన్ని నెలలకే ఆ రబ్బరు చిరుగుతుంది. "ఈ కాలం స్పేర్లలో నాణ్యత లేదు మాస్టారూ" అంటారు. నాసిరకం స్పేర్లు లేవనడం లేదు. మేలైన బుష్షును కూడా ఈ పద్ధతిలో చంపవచ్చునంటున్నాను. చేయవలసినది, బోల్టును వదులుగా తగిలించి, బండిని నాలుగు చక్రాల మీదికి దించి, రెండుమూడుసార్లు నొక్కి కుదురుకోనిచ్చి, అప్పుడు గొయ్యిలోకి దిగి బిగించడం. అదనంగా పది నిమిషాలు. మీ కారుకు బుష్షు వేస్తుంటే ప్రక్కన నిలబడి ఈ ఒక్క మాట అడగండి: "నాయనా, బండి దించాక బిగిస్తావా?" సమాధానాన్ని బట్టి ఆ షెడ్డులో ఉండాలో లేచి రావాలో తేలిపోతుంది.

ఇదంతా పట్నపు చదువు అనుకునేవారికి మా ప్రాంతపు కమాను పనివారిని చూపిస్తాను. చీమకుర్తి రాళ్ళను, మార్కాపురం పలకలను మోసే లారీలకు వెనుక కమాను కట్టలే ఉంటాయి. ఆ లారీ ఒక ప్రక్కకు క్రుంగి వస్తే కమాను పనివాడు "పాతబడింది" అనడు. యు-బోల్టులు విప్పి, కట్ట దించి, పట్టీకి పట్టీ విడదీసి నేల మీద పేరుస్తాడు. ఏ పట్టీ చిట్లిందో చూస్తాడు, సెంటర్ బోల్టు తెగిందేమో చూస్తాడు, వంపు తప్పిన పట్టీని సుత్తితో మళ్ళీ వంపుకు తెస్తాడు, విరిగినదాన్ని మాత్రమే మారుస్తాడు. అంబాసిడర్ వెనుక చక్రాల క్రింద ఉన్నదీ ఈ కమానే. ఆ కారు తయారీ 2014లో ఆగిపోయింది, అదే సంవత్సరం మారుతి 800దీ ఆగింది. అయినా పల్లెల్లో అక్కడక్కడ అంబాసిడర్లు తిరుగుతున్నాయంటే, విప్పి చూసే ఈ అలవాటుకు అందులో కొంత వాటా ఉందని నా నమ్మకం.

ఇంకా వెనక్కు వెళ్తే ఎద్దుల బండి. దానికి కమానూ లేదు, నిలువరీ లేదు. కాని ప్రయాణానికి ముందు బండివాడు శీల కదిపి చూసేవాడు, ఇరుసుకు కందెన వేసేవాడు. కిర్రుమంటే దిగి ఏ చక్రమో చూసేవాడు. ఏ కళాశాలలోనూ చదువుకోని ఆ మనిషికి చప్పుడుకు చోటు ఉంటుందని తెలుసు.

ఇప్పుడు కారు యజమానుల వంతు. మెకానిక్కులను మాత్రమే తిడితే సగం నిజమే చెప్పినట్టవుతుంది. షెడ్డులో ఒక కుర్రవాడు అరగంట శ్రమపడి, చక్రం ఎత్తి, కదిపి, "బుష్షు ఒక్కటే పోయింది" అని చెబితే, "చూసినదానికి డబ్బులేంటి?" అంటారు. వైద్యుడు నాడి పట్టుకున్నందుకు రుసుము ఇస్తాం, ఆయన మందు వ్రాయకపోయినా ఇస్తాం. మెకానిక్కు నాడి పడితే ఇవ్వం! ఇక వాడు బ్రతికేది ఎలా? మార్చిన భాగం మీద మిగిలే నాలుగు రాళ్ళతో బ్రతకాలి. భాగాలు మారిస్తేనే కూలి గిట్టే ఏర్పాటు చేసి, అనవసరంగా మార్చాడని ఏడవడమేమిటి? చూడడానికి ఇంత అని ముందే మాట్లాడుకోండి. వదులుగా ఉన్నదాన్ని మీ చేతితో కదిపి చూపించమనండి. మార్చాక పాత ముక్క మీ చేతికి ఇమ్మనండి. ఆ రబ్బరులో చీలిక కనిపించకపోతే ఎందుకు మార్చావని మర్యాదగా అడగండి. నాలుగు ఊళ్ళలో నలుగురు ఇలా అడిగితే చూడకుండా చెప్పడం తగ్గుతుంది. చక్కగా చూసి చెప్పే కుర్రవాళ్ళు మా దర్శిలోనూ ఉన్నారు. వాళ్ళకు ఆ పనికి కూలి దక్కడం లేదు, అదే నా బాధ.

"అంత తంటాలెందుకు, అమ్మేసి క్రొత్తది కొనుక్కోండి" అన్నది ఆఖరి అస్త్రం. మా బంధువర్గంలో కుర్రవాళ్ళందరూ దీన్నే ప్రయోగిస్తారు. పింఛనుదారుకు క్రొత్త కారు వాయిదాలంటే ఏమిటో వాళ్ళకు తెలియదు, పోనిద్దాం. చట్టం ఏమంటున్నదో చూద్దాం. 2021లో స్క్రాపింగ్ విధానం వచ్చినప్పుడు పాత కార్లన్నీ తుక్కుకు పోవలసిందేనని ప్రచారం జరిగింది. సొంత కారుకు పదిహేనేళ్ళు నిండాక పరీక్ష చేయించి, ఐదేళ్ళకొకసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకునే వీలు అలాగే ఉంది. 2022 ఏప్రిల్ 1 నుండి ఆ రుసుము 600 రూపాయల నుండి 5,000కు పెరిగింది, ఇరవయ్యేళ్ళు దాటిన కార్లకు 2025లో 10,000 చేశారు. ఖరీదు పెంచారు, నొప్పే. అయినా ఇక్కడ చట్టం అడిగేది "ఎన్నేళ్ళు?" అని మాత్రమే కాదు, "నడవడానికి యోగ్యమా?" అని. ఢిల్లీ ప్రాంతంలో వయసును బట్టి ఆంక్షలు వచ్చింది గాలి కాలుష్యం వల్ల, కీళ్ళ అరుగుదల వల్ల కాదు. పాత ఇంజను పొగ సంగతి ఎవరైనా లేవనెత్తితే ఆ వాదనలో బలముందని ఒప్పుకుంటాను, అది వేరే చర్చ. సస్పెన్షన్ పేరు చెప్పి బండి అమ్మమంటే మాత్రం ఒప్పుకోను. మూడేళ్ళ కారుకు బాల్ జాయింటు టోపీ చిరిగితే అది కూడా అంతే ప్రమాదం. 800 తయారీ ఆగి పదేళ్ళు దాటినా దాని బుష్షులు, స్ట్రట్టులు ఇంకా దొరుకుతూనే ఉన్నాయి.

శ్రీశైలానికి వెళ్ళేవారు దోర్నాల దాటాక, నంద్యాలకు వెళ్ళేవారు గిద్దలూరు దాటాక నల్లమల ఘాటు ఎక్కుతారు గదా! అరిగిన బుష్షులు, చచ్చిన నిలువరులు ఎంత అబద్ధాలాడినా అక్కడి మలుపుల్లో నిజం చెప్పేస్తాయి. మలుపులో బండి ఒరిగి వెంటనే కుదురుకోక రెండవ ఊపు ఊగినా, బ్రేకు వేస్తే ఒక ప్రక్కకు లాగినా, దేవుణ్ణి తలచుకొని ముందుకు పోకండి. నెమ్మదిగా వెనక్కు దిగి చూపించుకోండి. అసలు ఘాటు ఎక్కకముందే చూపించుకుంటే మరీ మంచిది.

పని చేయించేటప్పుడు గుర్తుంచుకోవలసినవి రెండుమూడున్నాయి. నిలువరులను గానీ స్ప్రింగులను గానీ ఒక్కవైపు మార్చకూడదు, ముందైతే ముందు రెండూ, వెనుకైతే వెనుక రెండూ మార్చాలి. క్రొత్తది ఒకవైపు, అలసినది ఇంకొకవైపు ఉంటే గతుకులో బ్రేకు వేసినప్పుడు రెండు చక్రాలూ నేలను ఒకేలా పట్టుకోవు. స్ట్రట్టు విప్పినప్పుడు పై మౌంటింగును కూడా చూసి, సందేహముంటే అప్పుడే మార్చండి, కూలి మళ్ళీ పెట్టనక్కరలేదు. అలైన్‌మెంటు అన్నిటికన్నా చివర. కీళ్ళు వదులుగా ఉండగా చేసిన అలైన్‌మెంటు నీటిమీద వ్రాత, యంత్రం దగ్గర నుండి బండి బయటికి వచ్చేలోగానే మారిపోతుంది. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక బోల్టులన్నీ ఒకసారి మళ్ళీ బిగింపు చూపించండి.

స్ట్రట్టు తలమీద ఉండే పెద్ద నట్టును మాత్రం ఇంటి దగ్గర ఎవరూ ముట్టుకోవద్దు. దాని క్రింద స్ప్రింగు నలిగి ఉంటుంది. స్ప్రింగును రెండు వైపులా పట్టి నొక్కి ఉంచే పరికరం తగిలించకుండా ఆ నట్టు విప్పితే స్ప్రింగు తుపాకిలా పేలి మనిషి మొహం మీదికి వస్తుంది. ఆ పరికరం ఉందా అని ముందే అడగండి. తాడుతో కట్టి విప్పుతామనే షెడ్డుకు ఆ పని ఇవ్వకండి.